ఎటు పోతున్నావో చెప్పు బాబూ

రైలింజనుకు స్టీరింగ్ ఉండదు. ఈ మాట చెబితే మా వీధి పిల్లలు నమ్మరు. "మరి మలుపులొస్తే ఎట్ల తిప్పుతవ్ తాతా?" అని నన్నే నిలదీస్తారు. తిప్పేవి పట్టాలు. ఏ పట్టా మీదికి పోవాలో తేల్చేది స్టేషన్లో కూర్చున్నవాళ్లు. లోకో పైలట్ చేతిలో ఉండేవి వేగం, బ్రేకు, కూత, ముందు దీపం. అంతే. గంటకు వంద కిలోమీటర్లు దాటి పోతున్న బండికి ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ఆగడానికి దాదాపు కిలోమీటరు పడుతుంది. ఎదురుగా ఏది కనిపించినా పక్కకు తప్పుకునే వీల్లేదు. అందుకే రైల్వే కట్టడి అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: ఎవరు ఏం చేయబోతున్నారో అవతలివాడికి ముందే తెలిసి ఉండాలి.

ఆ సూత్రం మీద లోకో పైలట్‌గా జీతం తిని, బల్లార్షా స్టేషన్‌లో మేం డ్యూటీ సంతకాలు పెట్టే లాబీలోనే చివరి సంతకం పెట్టి రిటైరైన మనిషిని నేను. ఇప్పుడు స్కూటీ మీద కూరగాయలకు పోతున్నాను. ఇంజను మీద ఏనాడూ పడనంత భయం స్కూటీ మీద పడుతున్నాను.

మా ఊరు మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఉంది. కాగితాల్లో బల్లార్‌పూర్, రైల్వేవాళ్లకు బల్లార్షా. ఒకప్పుడు గోండు రాజుల రాజధాని. వార్ధా నది ఒడ్డున వాళ్ల కోట ఇప్పటికీ ఉంది. 1945లో పేపర్ మిల్లు వచ్చింది. చుట్టూ బొగ్గు గనులు, మధ్యలో ఢిల్లీ–చెన్నై లైను మీద పెద్ద జంక్షన్. ఈ మూడింటిని నమ్ముకుని మంచిర్యాల, ఆసిఫాబాద్, కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్లం చాలామందిమి. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, ఆఫీసులో మరాఠీ. రోడ్డు మీద తిట్టుకోవడానికి మూడూ పనికొస్తాయి.

చంద్రపూర్ నుంచి విసాపూర్ మీదుగా మా ఊరొచ్చి, బామణి దాటి రాజురా వైపు పోయే రోడ్డు మీద ఒక్క గంట నిలబడితే చాలు, లోకంలోని చక్రాలన్నీ కనిపిస్తాయి. బొగ్గు టిప్పర్లు. అడవి నుంచి టేకు దుంగలు మోసుకొచ్చే లారీలు (అయోధ్య రామాలయం తలుపులకు టేకు పోయింది మా జిల్లాల నుంచే, అది మాకు గర్వం). చలికాలంలో రోడ్డుకు అడ్డంగా ఉబ్బిన పత్తి ట్రాక్టర్లు. మిల్లు భోంగా (సైరన్) మోగగానే గుంపుగా బయటపడే సైకిళ్లు. చెయ్యెత్తిన చోటల్లా ఆగే షేర్ ఆటోలు. ట్యూషన్‌కు ముగ్గురేసి పోయే పిల్లలు. వీళ్ల మధ్య నాలాంటి ముసలివాళ్లు.

అందరూ వేగాన్ని తిడతారు. నేను తిట్టేది వేరు. మా రోడ్డు మీద గంటకు ముప్పై కిలోమీటర్లతో పోయేవాడు కూడా ప్రాణం తీయగలడు, తాను ఏం చేయబోతున్నాడో ఎవరికీ చెప్పకపోతే. ఒకసారి నా ముందు మోటార్ సైకిల్ మీద పోతున్నాయన ఉన్నట్టుండి కుడికి కోశాడు. ఇండికేటర్ లేదు, చెయ్యి చూపలేదు, వెనక్కి తిరిగి చూడనైనా లేదు. నేను బ్రేకు వేసి ఒక కాలు కింద పెట్టి ఎలాగో నిలబడ్డాను. "ఏంది బాబూ, చెప్పకుండా తిప్పితివి?" అంటే, ఆయన ఆశ్చర్యపోయి, "మా ఇల్లు ఇటే కదా కాకా" అన్నాడు. కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆయన ఇల్లెక్కడో వెనక వచ్చేవాళ్లందరికీ తెలిసి ఉండాలన్నది ఆయన లెక్క.

ఇంజనులో ఇద్దరం ఉంటాం. సిగ్నల్ కనిపించగానే అసిస్టెంట్ గట్టిగా "డబుల్ యెల్లో" అంటాడు, నేను చూసి మళ్లీ "డబుల్ యెల్లో" అనాలి. ఇద్దరికీ కళ్లున్నాయి, ఇద్దరూ చూశారు, అయినా నోటితో అనాలి. కొత్తగా చేరినవాళ్లకు ఇది పిచ్చిగా అనిపిస్తుంది. మనసులో అనుకున్నది అవతలివాడికి చేరినట్టు కాదని వాళ్లకు తెలిసిరావడానికి కొంతకాలం పడుతుంది. పైగా రైలు సిగ్నల్ ఇప్పటి సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోదు, రాబోయే సిగ్నల్ సంగతి కూడా చెబుతుంది. ఒంటి పసుపు ఉంటే తర్వాతిదాని దగ్గర ఆగడానికి సిద్ధంగా ఉండమని అర్థం. చంద్రపూర్ చౌరస్తాలో పసుపు పడితే మాత్రం అందరూ యాక్సిలరేటర్ తిప్పుతారు.

రోడ్డు మీది మనుషులను ఇంజను అద్దంలోంచి చూడటానికి లెవెల్ క్రాసింగ్‌ను మించిన చోటు లేదు. గేటు పడుతుంది. మొదట వచ్చినవాడు బుద్ధిగా ఎడమ పక్కన ఆగుతాడు, రెండోవాడు అతని వెనక. ఐదో బండి ఆరో బండి వచ్చేసరికి ఎవడో ఒకడికి కుడి పక్క ఖాళీగా కనిపిస్తుంది. అది ఎదుటివాళ్లు రావలసిన దారి. అక్కడికి పోయి గేటుకు ముక్కు ఆనిస్తాడు. వాడి వెనకే పదిమంది. అవతలి పక్కన కూడా అచ్చం ఇదే కథ. రైలు పోయి గేటు లేచేసరికి కురుక్షేత్రంలో రెండు సైన్యాలు మోహరించినట్టు రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా నిండి ఎదురెదురుగా నిలబడి ఉంటారు. ఇక ఎవడూ కదలలేడు. అందరూ హారన్ కొడతారు. వానాకాలంలో వార్ధా పొంగి రాజురా దారిలో వంతెన మునిగి, మళ్లీ తెరిచిన రోజున కూడా ఇదే చూస్తాం. నీళ్లు తీసేదాకా నాలుగు గంటలు ఓపిక పట్టినవాళ్లు, తీశాక నాలుగు నిమిషాలు పట్టలేరు.

గేటు సంగతిలో బయటివాళ్లకు తెలియనిది ఒకటుంది. సిగ్నల్‌తో ముడిపడిన గేట్లలో, గేటు పూర్తిగా పడి తాళం పడితే తప్ప రైలుకు సిగ్నల్ రాదు. గేట్‌మన్ గేటు దించబోతుంటే ఒకడు బండి వంచి దూరతాడు. వాణ్ని చూసి ఇంకొకడు. ఆ వెనక ఆటో. గేటు సగంలో ఆగిపోతుంది. అక్కడ ఎర్ర సిగ్నల్ ముందు నేను బండి ఆపుకుని కూర్చోవాలి. నా వెనక పెట్టెల్లో రాత్రంతా ప్రయాణం చేసిన వెయ్యిమందికి పైగా జనం, ఆస్పత్రికి పోయేవాళ్లు, పరీక్షకు పోయేవాళ్లు. "ఈ రైల్వే ఎప్పుడు బాగుపడుతుందో" అని నన్నూ మా శాఖనూ కలిపి తిట్టుకుంటూ ఉంటారు. ఆపినవాడు ఈపాటికి ఇంటికి పోయి టీ తాగుతుంటాడు. వాడికి కలిసొచ్చింది అర నిమిషం.

మూసిన గేటు తెరిస్తే మూడేళ్ల దాకా, విరగ్గొడితే ఐదేళ్ల దాకా జైలని 1989 నాటి రైల్వే చట్టం 160వ సెక్షన్ చెబుతుంది. చట్టం సంగతి అలా ఉంచండి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర స్కూలు బస్సును రైలు గుద్దింది. ఆ రోజు దేశమంతా లోకో పైలట్లు భోజనం చేశారని నేను అనుకోను. పట్టాల మీద ఎవరున్నా మాకు కనిపిస్తూనే ఉంటారు, కూత వేస్తూనే ఉంటాం, బ్రేకు పడే ఉంటుంది, ఇంజను పోతూనే ఉంటుంది. 2019 జనవరి ఆఖరుకల్లా బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారు. మంచి పని. కాపలా ఉన్న గేటు కింద వంగి దూరేవాణ్ని తీసేసే ఉపాయం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఇక రాత్రి సంగతి. మా ఊరి రోడ్డు అసలు రంగు చీకటి పడ్డాకే తెలుస్తుంది.

రెండు లైన్ల మీద ఎదురుగా ఇంకో రైలు వస్తుంటే ముందు దీపం తగ్గించాలని రైల్వేలో నియమం. ఎదుటి బండి డ్రైవరుకు కళ్లు మిరుమిట్లు గొలపకూడదని. ఆయన స్టీరింగ్ తిప్పాల్సిన అవసరం లేకపోయినా సరే తగ్గిస్తాం. రోడ్డు మీద ఎదుటివాడు స్టీరింగ్ తిప్పాలి, గుంత తప్పించాలి, సైకిల్‌ను తప్పించాలి. అయినా మనవాళ్లు హైబీమ్ దించరు. పైగా కంపెనీ ఇచ్చిన దీపం చాలక బజారులో తెల్లటి ఎల్‌ఈడీలు కొని బంపరుకు బిగిస్తారు. గంటకు యాభై కిలోమీటర్ల మీద బండి సెకనుకు పధ్నాలుగు మీటర్లు పోతుంది. కళ్లు బైర్లు కమ్మి మూడు సెకన్లు ఏమీ కనబడకపోతే నలభై మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. ఆ నలభై మీటర్లలో మిల్లు సెకండ్ షిఫ్టు దిగి సైకిల్ మీద ఇంటికి పోయే మనిషి ఉంటాడు.

ఆ మనిషి మీద కూడా నాకు ఫిర్యాదుంది. సైకిలువాడు పేదవాడు కాబట్టి తప్పంతా పెద్ద బండిదే అనడం నాకు చేతకాదు. నల్ల సైకిల్, నల్ల ప్యాంటు, వెనక దీపం లేదు, మడ్‌గార్డు మీద ఒకప్పుడు ఉన్న ఎర్ర బిళ్ల పగిలిపోయి ఏళ్లయింది. ముగ్గురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కుతారు. ఇంకొందరు ఎదురు దిక్కులో వస్తారు, "వచ్చే బండి మనకు కనిపిస్తది కద" అని. మీకు కనిపిస్తది సరే, మలుపు తిరిగి వచ్చేవాడికి మీరు కనిపించాలి కద! గూడ్సు బండికి చివరి పెట్టె వెనక ఎర్ర దీపం లేకపోతే దాన్ని స్టేషన్ దాటిందని కూడా లెక్కలో రాసుకోరు. మధ్యలో పెట్టెలు తెగి లైను మీద ఉండిపోయాయేమోనని అనుమానిస్తారు. రోడ్డు మీద తోక దీపం లేని పత్తి ట్రాక్టరు, వెనక్కి రెండు గజాలు పొడుచుకొచ్చిన దుంగకు మాసిపోయిన ఎర్ర గుడ్డ కట్టిన లారీ, వీటి చివర ఎక్కడుందో తెలిసేది గుద్దుకున్నాకే. రేడియం టేపు ముక్క ఖరీదు ఒక పూట టీ, బీడీ ఖర్చు.

చెడిపోయి ఆగిన టిప్పరును మించిన ప్రమాదం మా దారిలో ఇంకోటి లేదు. రైలు దారి మధ్యలో అనుకోకుండా ఆగిపోతే మేం మొదట చేసే పని ఇంజను మీది పసుపు ఫ్లాషర్ దీపం వేయడం. పక్క లైను మీద వచ్చే డ్రైవరు అది చూసి బండి ఆపాలి. తర్వాత అవసరమైతే దిగి నడిచి, 600 మీటర్ల దూరంలో పట్టా మీద ఒక పటాకా, 1200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు పటాకాలు కట్టాలి. వచ్చే ఇంజను చక్రం కింద అవి పేలితే ముందేదో ఉందని తెలుస్తుంది. వానలో, చీకట్లో, అడవిలో, పులి తిరిగే చోటైనా సరే, నడవాల్సిందే. చంద్రపూర్ జిల్లాలో పులి అంటే ఊరికే అన్న మాట కాదు.

రోడ్డు మీద టిప్పరు ఆగితే? నడిరోడ్డునే నిలుస్తుంది. డ్రైవరు దిగి పక్కన పొదలోంచి నాలుగు కొమ్మలు విరిచి వెనక వేస్తాడు, చుట్టూ పెద్ద రాళ్లు పేరుస్తాడు. అది కూడా బండికి నాలుగడుగుల దూరంలో. కారు కొన్నప్పుడు డిక్కీలో ఎర్ర త్రికోణం ఒకటిస్తారు, అది చాలామంది ఇళ్లలో కవర్ కూడా విప్పకుండా ఉంది. ఇంతవరకైనా ఓర్చుకోవచ్చు. మెకానిక్ వచ్చి బాగుచేశాక టిప్పరు వెళ్లిపోతుంది, రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. అంటే ఎవరికీ ఏమీ చెప్పని ఒక కొమ్మల, రాళ్ల గుట్ట రోడ్డు మధ్యలో రాత్రంతా ఉంటుంది. దాన్ని గుద్ది పడ్డ కుర్రాణ్ని లేపడానికి నేనూ ఒకసారి చెయ్యేశాను. మోకాలి చిప్ప పోయింది. ప్రాణం ఉంది కాబట్టి అదృష్టమన్నారు అందరూ.

చెప్పేవాళ్లు లేరని కాదు, చెప్పే భాషే కలగాపులగంగా ఉంది. ముందు పోయే లారీ కుడి ఇండికేటర్ వేశాడనుకోండి. కుడికి తిరుగుతున్నాడా, లేక "ముందు ఖాళీగా ఉంది, నన్ను దాటిపో" అంటున్నాడా? ఒక డ్రైవరు దాటమనడానికి ఎడమది వేస్తాడు, ఇంకొకడు కుడిది. అపార్థం చేసుకున్నవాడు ఆస్పత్రిలో ఉంటాడు. చౌరస్తాలో నేరుగా పోవడానికి నాలుగు దీపాలూ వెలిగించేవాళ్లున్నారు. అవి బండి ఆగిపోయిందనో ప్రమాదం ఉందనో చెప్పడానికి పెట్టినవి. పక్కనుంచి చూసేవాడికి ఒక పక్క దీపమే కనబడి, తన వైపే తిరుగుతున్నాడనుకుంటాడు. హెడ్‌లైట్ రెండుసార్లు కొట్టడం బ్రిటన్‌లో చాలామంది డ్రైవర్లకు "మీరు పోండి" అన్నట్టు. మన దగ్గర "నేను ఆగను, నువ్వే ఆగు" అన్నట్టు. అక్కడి నుంచి సెలవులకొచ్చిన మా బంధువుల అబ్బాయి ఈ తేడా తెలియక విసాపూర్ దగ్గర కారు బంపర్ పోగొట్టుకున్నాడు. పాత లారీల్లో క్లీనర్ డోరు మీద కొట్టే చప్పుడే నయం, ఒక దెబ్బకు ఆగాలి, రెండు దెబ్బలకు పోవాలి. డ్రైవరుకూ క్లీనర్‌కూ ఎప్పుడూ తగాదా రాలేదు.

హారన్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది, కానీ కూత నా వృత్తి కాబట్టి రెండు మాటలు. మాకు ప్రతి కూతకూ అర్థం ఉంది. పట్టాల పక్కన విజిల్ బోర్డు ఉంటుంది, అక్కడి నుంచి గేటు దాటేదాకా ఆపకుండా పొడుగు కూత. చిన్న కూతలు వెంటవెంటనే వరసగా వేస్తే ప్రమాదమని అర్థం. రోడ్డు మీద ఒకే చప్పుడుకు "జరుగు", "ఎందుకాగావ్", "నేనొచ్చాను, గేటు తియ్", "ఏరా బాగున్నావా" అన్నీ అర్థాలే. అన్నిటికీ ఒకటే మోత కాబట్టి దేన్నీ ఎవరూ పట్టించుకోరు. లారీల వెనక రాసే "హారన్ ఓకే ప్లీజ్" జనాన్ని హారన్ కొట్టమని రెచ్చగొడుతోందని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో దాన్ని నిషేధించింది. 2020లో ముంబై పోలీసులు ఇంకో పని చేశారు: కొన్ని కూడళ్లలో హారన్ మోత 85 డెసిబెల్స్ దాటితే ఎర్ర దీపం సెకన్లు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేలా చేశారు. మోగించేకొద్దీ ఆగాల్సిందే. ఆ వీడియో చూసి నేనెంత ఆనందపడ్డానో చెప్పలేను.

ఇంత చెప్పాక ఎవరైనా, "ఆ తిక్క డ్రైవర్లు వేరు, నేను బాగానే నడుపుతా" అనుకుంటారు. అందరూ అదే అనుకుంటారు. 1981లో స్వెన్సన్ అనే స్వీడన్ పరిశోధకుడు అమెరికాలో, స్వీడన్‌లో కొందరిని, నడపడంలో మీ నైపుణ్యం ఏపాటిదని అడిగాడు. అమెరికావాళ్లలో నూటికి 93 మంది తాము పై సగంలో ఉన్నామన్నారు. స్వీడన్‌లో 69 మంది. సగంలో 93 మంది ఎలా పడతారు? బల్లార్‌పూర్‌లో అడిగితే నూటికి నూట ఇద్దరు వస్తారని నా అంచనా. పైగా మనం ఇండికేటర్ వేయకపోతే "తొందరలో మర్చిపోయా" అంటాం, ఎదుటివాడు వేయకపోతే "వాడికి బుద్ధి లేదు" అంటాం.

ఇంజనులో అలా తప్పించుకోలేం. ఏ కిలోమీటరు దగ్గర ఎంత వేగంతో పోయామో యంత్రంలో రికార్డవుతుంది, తర్వాత ఒకాయన కూర్చుని చూస్తాడు. ఎర్ర సిగ్నల్ దాటితే మర్నాడే ఉద్యోగానికి ఎసరు. రోడ్డు మీద మనిషికి పేరే ఉండదు. నంబర్ ప్లేటు ఒక్కటే గుర్తు, దాన్ని కూడా వంచుతారు. 8055 అనే అంకెలను ఇంగ్లిష్‌లో బాస్ అని చదువుకునేలా వంకర్లు తిప్పి రాయించుకుంటారు. ఆ బాస్ మొన్న బజారులో రాంగ్ సైడ్‌లో వచ్చి నా మీదే కళ్లెర్రజేశాడు.

వయసు రాని పిల్లల సంగతి వేరు. పదో తరగతి పిల్లకు తండ్రే తాళం చెవి ఇచ్చి, "ట్యూషన్ దూరం కదా" అంటాడు. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టంలో 199ఎ అని ఒక సెక్షన్ ఉంది. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో సంరక్షకుడికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లకు ఇరవై ఐదేళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. ఈ మాట మా వీధిలో ఒకాయనకు చెబితే, "మా బిడ్డ జాగ్రత్తగనే నడుపుతది అన్నా" అన్నాడు. ఆమె జాగ్రత్త మీద నాకు అనుమానం లేదు, ఎదురొచ్చేవాళ్ల మీదే అనుమానం. వాళ్లు తప్పు చేసినప్పుడు తప్పించుకునే అనుభవం పదిహేనేళ్లకు రాదు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారని కేంద్రం లెక్క. హెల్మెట్ లేక పోయినవాళ్లే 50,029 మంది. హెల్మెట్ ట్యాంకు మీదో మోచేతికో వేలాడదీసుకుని పోలీసు కనిపించినప్పుడు మాత్రమే తలకెత్తుకునేవాళ్లు కోకొల్లలు. తల పగిలేది పోలీసు ముందు కాదు నాయనా, డివైడరు మీద.

జరిమానాలు పెంచమనేవాళ్లున్నారు. పెంచనీ. కానీ దక్షిణ అమెరికాలో బొగోటా నగర మేయరుగా ఉన్న అంటానస్ మోకస్ 1990ల్లో చేసిన పని నాకు ఇంకా నచ్చింది. కూడళ్లలో ముఖానికి తెల్లరంగు పూసుకున్న మూకాభినయ కళాకారులను నిలబెట్టాడు. జీబ్రా గీత మీద బండి ఆపినవాడి ముందు వాళ్లు నిలబడి నాటకమాడేవాళ్లు. నలుగురూ నవ్వేవాళ్లు, వాడు సిగ్గుపడి వెనక్కి జరిగేవాడు. మా ఊళ్లో అలాంటి ప్రయోగం చేస్తే కళాకారుడినే గుద్ది పోతారేమో అని మా ఆవిడ అనుమానం. నేనైతే నవ్వుకు ఇంకా కొంత బలం ఉందనే అంటాను.

ఇది చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను అడిగేది ఖర్చు లేని పనులు. తిరగబోయే ముందు, తిరుగుతున్నప్పుడు కాదు, ముందు ఇండికేటర్ వేయండి. అది పని చేయకపోతే చెయ్యి చాపండి, చెయ్యి ఎప్పుడూ రిపేరుకు రాదు. ఎదుటి దీపం కనిపించగానే మీది దించండి, వాడు దించకపోయినా సరే. సైకిల్ ఉన్నవాళ్లు వెనక మడ్‌గార్డుకు రేడియం ముక్క అంటించండి, మీ ఇంట్లో లేకపోతే మా ఇంటికి రండి, ఒక చుట్ట కొని పెట్టాను. గేటు పడ్డప్పుడు ముందువాడి వెనకే నిలబడండి. బండి చెడి ఆగితే రాళ్లు పెట్టుకోండి, కాదనను, కానీ దూరంగా పెట్టండి. బాగుపడి కదిలేటప్పుడు మాత్రం డ్రైవరన్నా, ఆ రాళ్లు తీసి పక్కన పడేసి పో.